పది గుంటల మేత: జార్జియాలో జింకల కోసం చిన్న ఫుడ్ ప్లాట్ వేసుకోవడం ఎలా

పోయినసారి మా నాయన అమెరికా వచ్చినప్పుడు, నేను ఎర్రమట్టిలో మోకాళ్ల మీద కూర్చుని మొలకలు లెక్కపెడుతుంటే చాలాసేపు చూసి అడిగాడు: "మేం ఆడ జింకల్ని ఎల్లగొట్టనీకె రాత్రంతా డబ్బాలు కొట్టుకుంట కావలుంటం. నువ్వీడ వాటిని పిలిచి పెడ్తున్నవా?"

మాది మక్తల్ వైపు. కృష్ణజింకలు మందలుగా చేల మీద పడి లేత మొలకల్ని నున్నగా గొరిగేసి పోయే ప్రాంతం. అక్కడ పుట్టినవాడు జింక కోసమే చేను వేస్తున్నాడంటే ఆయనకి పిచ్చిగానే తోచింది. కానీ అట్లాంటా చుట్టుపక్కల మనవాళ్లలో వేట భూములు కొంటున్నవాళ్లూ లీజుకి తీసుకుంటున్నవాళ్లూ పెరుగుతున్నారు, నన్ను ఎక్కువగా అడిగేదీ ఈ ఫుడ్ ప్లాట్ సంగతే, అంటే వేటకి జింకల్ని రప్పించడానికి వేసే మేత చెక్క. అందుకే రాస్తున్నా. నాది జాస్పర్ కౌంటీలో 38 ఎకరాలు. అందులో మూడొంతులు పైన్, ఓక్ చెట్లే. మేత వేసింది పది గుంటలు, కోస్తా లెక్కలో పాతిక సెంట్లు. లెక్కలన్నీ ఆ పది గుంటలకే చెబుతాను, మీ భూమిని బట్టి హెచ్చించుకోండి.

ముందే ఒక మాట. ఇదంతా అమెరికాలో, అక్కడి తెల్లతోక జింక గురించి. ఆంధ్రా, తెలంగాణల్లో జింకని వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఊళ్లో పొలం ఉంది కదా అని ఈ పద్ధతి అక్కడ ప్రయోగించకండి.

ఆ పది గుంటలు దేనికి?

చిన్న ప్లాటుతో జింకల్ని సాకుతామని అనుకోవద్దు. ఒక జింక తిరిగే ఇలాకా దాదాపు చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. మీ 30, 40 ఎకరాలు దానికి ఒక వీధి లాంటివి. పగలు ఎక్కడో పొదల్లో పడుకుంటుంది, చీకటి పడ్డాక పెద్ద పచ్చిక మైదానానికో సోయా చేనుకో పోతుంది. ఆ రెండింటి మధ్య దారిలో మీ ప్లాట్ ఉండాలి. పెద్ద చేను భోజన హోటల్ అయితే మీది దారిలో మిర్చి బజ్జీల బండి. కడుపు నింపక్కర్లేదు. వెలుతురు ఉండగానే జింక ఆగి రెండు పరకలు కొరికితే చాలు.

ఇది బుర్రకెక్కితే మిగతావన్నీ దీని వెనకే వస్తాయి. ఏ గింజ వేయాలన్నది చాలామంది మొదట అడిగే ప్రశ్న. నిజానికి అది మూడోది. మొదటిది చోటు, రెండోది సున్నం.

చోటు చూసుకోవడం

జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆకులు రాలి అడవి ఖాళీగా ఉన్నప్పుడు తిరగండి. జింకల దారులు అప్పుడు మేకల బాటలంత స్పష్టంగా కనిపిస్తాయి. మగ జింకలు కొమ్ములతో గీరిన చెట్ల బెరళ్లు, పెంటికలు, గిట్టల గుర్తులు ఎక్కడ ఎక్కువున్నాయో ఫోన్ మ్యాపులో పెట్టుకోండి. రెండు మూడు దారులు కలిసే చోటికి దగ్గరలో, రోజుకి కనీసం 4 గంటలు ఎండ తగిలే ఖాళీ కావాలి. 6 గంటలైతే మరీ మంచిది. పాత దుంగల లారీలు తిరిగిన బాటలు, దుంగలు పేర్చిన ఖాళీలు దీనికి బాగా పనికొస్తాయి. చెట్లు కొట్టే పని సగం తప్పుతుంది. బాట తూర్పు పడమరలుగా ఉంటే ఎండ ఎక్కువసేపు ఉంటుంది. ఉత్తర దక్షిణాలుగా ఉన్న ఇరుకు బాట మీద మధ్యాహ్నం ఓ గంట తప్ప అంతా నీడే.

నా మొదటి ప్లాట్ అలాంటి నీడలోనే పోయింది. వాగు ఒడ్డున చల్లగా, అందంగా ఉందని వేశాను. మనిషి కూర్చోవడానికి బాగుండే చోటు గడ్డికి బాగుండదని తెలిసింది.

ఇంకో రెండు సంగతులు. ప్లాట్ రోడ్డు మీంచి కనపడకూడదు. వచ్చేపోయే కార్లకి జింకలే కాదు, దొంగ వేటగాళ్లు కూడా ఆగుతారు. రెండోది, మీరు లోపలికి వెళ్లి వచ్చే దారి. జింకలు పడుకునే పొదల మధ్యనుంచి నడిచి మంచె ఎక్కాల్సివస్తే ఆ చోటు ఎంత బాగున్నా వదిలేయండి.

ఆకారం చతురస్రంగా ఉండనవసరం లేదు. మోచెయ్యి వంచినట్టు వంకరగానో, డమరుకంలా మధ్యలో సన్నంగానో ఉంటే జింక అవతలి వైపు ఏముందో చూడటానికి ఆ నడుము దగ్గరికే వస్తుంది. విల్లుతో వేటాడేవాళ్లకి ఆ నడుము 25 గజాలు దాటకూడదు.

సున్నం: అందరూ ఎగ్గొట్టే మెట్టు

జార్జియాలో పీడ్మాంట్ అనే ఈ మెరక ప్రాంతపు ఎర్రమట్టి పుల్లటి నేల. మన ఎర్రనేలలాగే కనపడుతుంది కాబట్టి మనవాళ్లకి చూడగానే నమ్మకం కుదురుతుంది. కానీ పైన్ అడవి కింద పీహెచ్ (7 కన్నా ఎంత తగ్గితే అంత పులుపు) 5 దగ్గర ఉండటం మామూలు. జింకల మేతకి వేసే క్లోవర్‌కి, అంటే మన పశుగ్రాసాల్లో బర్సీం ఉంది కదా, దాని చుట్టానికి, 6 నుంచి 7 మధ్య కావాలి. పుల్లటి నేలలో ఎంత ఎరువు వేసినా మొక్క దాన్ని సరిగ్గా అందుకోలేదు. డబ్బు మట్టిలో పోసినట్టే.

ఫిబ్రవరిలో భూసార పరీక్ష చేయించండి. ప్లాటంతా అటూ ఇటూ తిరిగి పది పన్నెండు చోట్ల 4 నుంచి 6 అంగుళాల లోతు మట్టి తీసి, శుభ్రమైన బకెట్లో కలిపి, అందులోంచి ఒక సంచి నింపి కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో (వ్యవసాయ సలహా కేంద్రం) ఇవ్వండి. యూనివర్సిటీ ఆఫ్ జార్జియా వాళ్ల ల్యాబుకి వెళ్తుంది. ఖర్చు కొద్ది డాలర్లే. ఫారంలో ఏ పంట అన్నచోట వన్యప్రాణుల మేత అని తప్పకుండా రాయండి, సిఫార్సు దాన్ని బట్టే ఇస్తారు.

నాకు ఎకరానికి 2 టన్నుల సున్నం అని వచ్చింది. పది గుంటలకి అర టన్ను, 1,000 పౌండ్లు. గుళికల సున్నం 40 పౌండ్ల సంచుల్లో దొరుకుతుంది, అంటే 25 సంచులు. సున్నం అంటే గోడలకి వేసేది కాదు, సున్నపురాయిని పొడిచేసి గుళికలుగా కట్టింది. పెద్ద ప్లాటైతే లారీతో పొడి సున్నం చల్లించడం చవక. చిన్నదానికి, అదీ అడవి మధ్యలో, లారీ రాదు. సంచులు మోసుకోవాల్సిందే. నేనూ మా తమ్ముడూ ఒక శనివారమంతా మోశాం. ఆదివారం మంచం దిగలేదు.

సున్నం నేలలో పనిచేయడానికి నెలలు పడుతుంది. అందుకే ఫిబ్రవరి, మార్చిలో చల్లాలి. సెప్టెంబరులో విత్తనంతో పాటు చల్లితే ఆ ఏడాదికి పెద్దగా ఫలితం కనపడదు. అలా ఆలస్యమైపోయిందా? ఆ ఏడాదికి క్లోవర్ ఆశ వదులుకుని, పుల్లటి నేలని కాస్త తట్టుకునే ధాన్యపు రై వేసుకోండి. ఇక్కడ రై అంటే గోధుమ జాతి గింజ. రైగ్రాస్ వేరు. దాని సంగతి వస్తోంది.

గింజలు, సంచి మీద బొమ్మలు

పెద్ద దుకాణాల్లో కొమ్ములు విరబూసిన జింక బొమ్మతో రంగురంగుల సంచులు ఉంటాయి. మొదటి ఏడాది నేనూ బొమ్మ చూసే కొన్నాను. పచ్చగా, దట్టంగా, మఖమల్లా వచ్చింది. జింకలు దాని మధ్యలోంచి నడిచి వెళ్లిపోయాయి. అప్పుడు సంచి కింద కుట్టిన చిన్న చీటీ చదివాను. సగానికి పైగా రైగ్రాస్. చవక, ఎక్కడైనా మొలుస్తుంది, కొన్నవాడికి సంతోషం. జింక మాత్రం పక్కన ఇంకేదైనా దొరికితే దాని జోలికి పోదు, పైగా ఒకసారి గింజ రాలిందంటే ఏళ్లతరబడి కలుపై కూర్చుంటుంది.

విత్తన చట్టం ప్రకారం ప్రతి సంచికీ ఆ చీటీ ఉండాలి. ఏ గింజ ఎంత శాతం, మొలక శాతం, కలుపు గింజల శాతం అన్నీ అందులో ఉంటాయి. గింజల మీద పొడి పూత పట్టించి అమ్మే క్లోవర్ అయితే బరువులో దాదాపు మూడో వంతు ఆ పూతే. సంచి ముందువైపు బొమ్మ కాదు, వెనక ఆ చీటీ చదవండి.

నేనిప్పుడు విడివిడిగా కొని కలుపుకుంటాను. పది గుంటలకి:

గోధుమ 12 పౌండ్లు, ఓట్స్ 12 పౌండ్లు, క్రిమ్సన్ క్లోవర్ 3 పౌండ్లు, తెల్ల క్లోవర్ 1 పౌండు.

ఈ నాలుగింట్లో ఒక్కోదానికి ఒక్కో వంతు ఉంది. ఓట్స్, గోధుమ వారంలో మొలిచి అక్టోబరు, నవంబరుల్లో జింకల్ని లాగుతాయి. ఓట్స్ అంటే వాటికి ప్రాణం, కానీ గట్టి చలికి మాడిపోవచ్చు. గోధుమ తట్టుకుంటుంది. క్రిమ్సన్ క్లోవర్ శీతాకాలం చివర్లో పుంజుకుని ఏప్రిల్‌లో ఎర్రగా పూస్తుంది. తెల్ల క్లోవర్ నిదానంగా వేరు పట్టి రెండో ఏడాది నుంచి అసలు పంటవుతుంది. అందులో డ్యురానా అనే రకం యూనివర్సిటీ ఆఫ్ జార్జియాలో రూపొందింది, ఈ వేసవిని కాస్త ఓర్చుకుంటుంది. టర్నిప్, ముల్లంగి గింజలు కూడా చాలామంది కలుపుతారు. మా వైపు జింకలు మొదటి రెండేళ్లు ముల్లంగి ఆకు వాసన చూసి వదిలేశాయి, అలవాటు పడేదాకా ఓపిక ఉంటేనే వేయండి.

గింజ మీద ఆ పూత లేని క్లోవర్ కొంటే రైజోబియం అనే సూక్ష్మజీవుల కల్చర్ పట్టించాలి, లేకపోతే వేళ్లకి బుడిపెలు రావు, గాల్లోని నత్రజనిని పట్టుకోవడం ఉండదు. క్లోవర్‌కి క్లోవర్ కల్చరే, అలసందలది పనికిరాదు. పొడి గింజకి అంటుకోవడానికి ఇక్కడివాళ్లు కాస్త కోక్ చిలకరిస్తారు. నాయన అది చూసి "ఇంట్ల బెల్లం లేదా?" అన్నాడు. మన దగ్గర వేరుశనగకీ కందికీ చేసేది అదే కదా. బెల్లం నీళ్లు తడిపొడిగా కలిపి, కల్చర్ పట్టించి, నీడలో ఆరబెట్టి, అదే రోజు చల్లాం. ఎండలో పెడితే సూక్ష్మజీవులు చస్తాయి.

తేదీ, ఇంకా కత్తెర పురుగు

విల్లు సీజన్ సెప్టెంబరులో మొదలవుతుంది కాబట్టి అప్పటికే ప్లాట్ పచ్చగా ఉండాలని అందరికీ తొందర. నేనూ రెండో ఏడాది సెప్టెంబరు మొదటి వారంలోనే చల్లేశాను. వాన పడింది, అయిదో రోజుకి మొలకలు. రెండు వారాల తర్వాత వెళ్తే బట్టతల. జింకలే తినేశాయని సంబరపడ్డాను. దగ్గరికి వెళ్లి వంగి చూస్తే పిలకల మొదట్లో గోధుమరంగు పురుగులు. వీడియో కాల్‌లో చూపిస్తే నాయన ఒక్క చూపులో చెప్పాడు: "గది కత్తెర పురుగురా. మక్కని నాశనం జేసింది గదే."

నిజమే. 2018లో మన దేశంలో అడుగుపెట్టి మొక్కజొన్న రైతుల్ని ఏడిపించిన ఆ పురుగు సొంతూరు అమెరికా ఖండాలే. జార్జియా చలికి అది బతకదు. ఏటా దక్షిణం నుంచి రెక్కల పురుగులు ఎగిరొచ్చి గుడ్లు పెడతాయి. వేసవి చివర, శరదృతువు మొదట్లో లేత ఓట్స్, గోధుమ కనపడితే వదలవు.

అందుకని మధ్య జార్జియాలో సెప్టెంబరు చివరి వారం నుంచి అక్టోబరు మధ్య వరకు చల్లండి. చల్లాక రెండు వారాలు కన్నేసి ఉంచండి. అనుమానం వస్తే గాలన్ నీళ్లలో రెండు పెద్ద చెంచాల గిన్నెలు తోమే సబ్బు కలిపి చదరపు గజం మేర పోయండి. పురుగుంటే నిమిషాల్లో మట్టిలోంచి పైకి పాకుతుంది. పొద్దున్నే పక్షులు గుంపుగా ప్లాట్ మీద వాలి పొడుస్తున్నా అదే లెక్క.

తేదీ కన్నా వాన ముఖ్యం. నేలలో పదును లేకుండా క్యాలెండర్ చూసి చల్లితే చీమలకీ పావురాలకీ పెట్టినట్టే. రెండు మూడు రోజుల్లో గట్టి వాన ఉందంటే సెలవు పెట్టి మరీ వెళ్తాను.

ట్రాక్టర్ లేకుండా చల్లడం

ఆగస్టు చివర్లో కలుపు మోకాలెత్తు ఉంటుంది. దాన్ని కోసి, తిరిగి లేత చిగురు వచ్చాక, వీపుకి తగిలించుకునే స్ప్రే పంపుతో గ్లైఫోసేట్ కొట్టండి. మోతాదు డబ్బా మీద ఉన్నదే. చేతికి తొడుగులు, గాలి లేని పొద్దున, వాగుకి దూరంగా. రెండు వారాల్లో అంతా ఎండిపోతుంది. మందు ఇష్టం లేనివాళ్లు నల్ల టార్పాలిన్ పరిచి కప్పేస్తారు. రెండు మూడు గుంటలకైతే అదీ బాగానే నడుస్తుంది.

లోతుగా దుక్కి దున్నక్కర్లేదు. దున్నితే అడుగున నిద్రపోతున్న కలుపు గింజలన్నీ పైకొస్తాయి. ఎండిన చెత్తని రేక్‌తోనో ఆకులు ఊదే బ్లోయర్‌తోనో పక్కకి తోసి, పైపైన అంగుళం మేర గీరితే చాలు. నా దగ్గర నాలుగు చక్రాల చిన్న బండి ఉంది, దాని వెనక పాత చైన్‌లింక్ కంచె ముక్కకి రెండు సిమెంటు ఇటుకలు కట్టి లాగుతాను. ఊళ్లో విత్తనం చల్లాక ముళ్లకంప కట్టి లాగేవాళ్లు కదా, అదే పని.

ఎరువు భూసార పరీక్ష చెప్పినంత. నాకు 10-10-10 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు) ఎకరానికి 300 పౌండ్లు, అంటే పది గుంటలకి 75. ముందు ఎరువు చల్లండి. తర్వాత గోధుమ, ఓట్స్. ఇప్పుడు కంచె ముక్క లాగండి. ఇవి వేలి కణుపంత లోతులో పడాలి. ఆఖర్న క్లోవర్. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. తెల్ల క్లోవర్ గింజ గసగసాలంత ఉంటుంది, లోతుగా పడితే పైకి రాలేదు. కంచె లాగకముందే క్లోవర్ కూడా చల్లేస్తే సగం పాతిపెట్టినట్టే. పావు అంగుళం మట్టి చాలు, అసలు లేకపోయినా ఫరవాలేదు. మట్టికి అదుముకుని ఉండాలి, అంతే. బండి టైర్లతో అటూ ఇటూ తొక్కించండి. బండి లేకపోతే చెప్పులేసుకుని పిల్లలతో సహా ప్లాటంతా నడవండి. మావాళ్లకి అదే పిక్నిక్.

ఒక పౌండు గింజని పది గుంటలకి సమంగా చల్లడం అంత తేలిక కాదు. మొదటి గింజలన్నీ మొదటి మూలలోనే అయిపోతాయి. నువ్వులు చల్లేటప్పుడు ఇసుక కలుపుతారు చూడండి, అలాగే క్లోవర్‌ని అర బకెట్ పొడి ఇసుకలో కలిపి రెండు భాగాలు చేయండి. ఒక భాగం నిలువుగా, ఇంకోటి అడ్డంగా నడుస్తూ చల్లితే ఖాళీలు పడవు.

నవంబరులో ఓక్ ఆకులు రాలి అడవి మధ్య ప్లాట్లని దుప్పటిలా కప్పేస్తాయి. లేత క్లోవర్ దాని కింద పండుబారి చస్తుంది. ఒకసారి మిట్టమధ్యాహ్నం వెళ్లి బ్లోయర్‌తో ఊదేయండి.

బోను పెట్టండి

కోళ్ల ఫారాలకి వాడే వైరుమెష్ 12 అడుగులు తెచ్చి గుండ్రంగా చుట్టి, నాలుగడుగుల ఎత్తున ప్లాట్ మధ్యలో రెండు మేకులతో పాతండి. చల్లిన రోజే. లోపల ఏ జింకా తినలేదు కాబట్టి అది మీ కొలబద్ద. నెల తర్వాత లోపల జానెడు ఎత్తు, బయట రెండు వేళ్లు ఉందంటే ప్లాట్ పండింది, జింకలు తింటున్నాయి. లోపలా బయటా రెండు వేళ్లే ఉంటే నేలలో లోపం. లోపలా బయటా ఒకేలా ఏపుగా ఉంటే జింకలే రావడం లేదు.

తిన్నది జింకో కుందేలో కూడా తెలుసుకోవచ్చు. ఒక కాడ తెంపి దగ్గరగా చూడండి. జింకకి పై దవడలో ముందు పళ్లుండవు, కింది పళ్లతో పట్టి లాగి తెంపుతుంది. చివర పీచు లేచి చిరిగినట్టుంటుంది. కుందేలు కొరికితే కత్తెరతో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. మా ప్లాట్ చివర పొద పక్కనంతా ఏటవాలు కోతలే. అక్కడ కూర్చుని ఒక వారం వృథా చేశాక గమనించాను.

బోనులో పంట బాగుండి బయట కూడా ముట్టకపోతే కంగారు పడకండి. పైకి చూడండి. తెల్ల ఓక్ కాయలు రాలే అక్టోబరులో జింకలకి ఏ క్లోవరూ ఆనదు. కాయలు విరగకాసిన ఏడాది నా ప్లాట్ మూడు వారాలు బోసిగా ఉంది. ఆ రోజుల్లో వెళ్లి ఓక్ చెట్టు కిందే మాటు వేయండి.

మంచె, గాలి, ఓపిక

చెట్టుకి కట్టే స్టాండ్‌ని నేను మంచె అనే అంటాను. ఊళ్లో పిట్టల్ని తోలే మంచె, ఇక్కడ నోరు మూసుకుని కూర్చునే మంచె. నేల మీద కాలు ఎత్తినప్పటి నుంచి దిగేదాకా నడుముకీ భుజాలకీ పట్టీ కట్టుకోండి, దీంట్లో మినహాయింపు లేదు.

గాలి ప్లాట్ మీంచి మీ వైపు వీచాలి. మీ మీంచి ప్లాట్ వైపు వీస్తే ఇంటికి పోయి పప్పు తినడమే. పొద్దున పూసుకున్న కొబ్బరినూనె, చొక్కాకి పట్టిన తిరగమోత వాసన జింకకి పొద చాటునుంచే మీ జాతకం చెప్పేస్తాయి. వేట బట్టల్ని వంటింటికి దూరంగా డబ్బాలో పెట్టుకోండి. ఇంకోటి, సాయంత్రం చల్లబడ్డాక గాలి నీళ్లలా పల్లానికి జారుతుంది. మెరక మీద కూర్చుంటే మీ వాసన కింద మేస్తున్నవాటి మీదికి దిగుతుంది. సాయంత్రపు మంచె పల్లం వైపు ఉండాలి.

ప్లాట్ కళకళలాడుతున్నా రోజూ వెళ్లి కూర్చోవద్దు. వారానికి ఒకటి రెండుసార్లు, అదీ గాలి కుదిరినప్పుడే. నాలుగు రోజులు వరసగా కూర్చుంటే అవి రావడం మానవు, రాత్రికి మారతాయి. మీకు పొద్దున ఆనవాళ్లు మాత్రం మిగులుతాయి. చీకటి పడ్డాక ప్లాట్ నిండా జింకలుండగా మంచె దిగితే ఆ ఒక్క సాయంత్రంతో నెల శ్రమ పోతుంది. పక్క భూమి పెద్దాయన నేర్పిన చిట్కా: ఎవరినైనా బండి వేసుకుని ప్లాట్ దాకా రమ్మనండి. జింకలు బండిని చూసి పక్కకి తొలగుతాయి, కానీ బండికి మనిషి వేటకీ ముడి పెట్టవు.

కాగితాలు

జార్జియాలో 1961 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు లైసెన్సుకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. తుపాకీ సీజన్లో నడుము పైన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజరంగు బట్ట ఉండాలి. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకే కాల్చాలి. కొట్టిన జింకని 24 గంటల్లోపు గేమ్ చెక్ అనే రాష్ట్ర నమోదు వ్యవస్థలో నమోదు చేయాలి.

వీసా మీద ఉన్నవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. హెచ్1బీ లాంటి వీసాల్లో ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఆ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. స్నేహితుడి తుపాకీ ఓసారి పట్టుకుని ఫొటో దిగడం కూడా ఇబ్బందే కావచ్చు. ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. గ్రీన్ కార్డు వచ్చాక ఈ నిషేధం వర్తించదు.

నాటిన ప్లాట్ ఎర కిందకి రాదు. సంచి విప్పి మొక్కజొన్న గింజలు కుప్పపోస్తే అది ఎర, దాని నియమాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. జార్జియాలో ప్రైవేటు భూమిలో జింకకి అనుమతి ఉంది, టర్కీ కోడికి లేదు. నేనైతే కుప్ప పోయను. జింకల మెదడుని తినేసే సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) జబ్బు జార్జియాలో తొలిసారి 2025 జనవరిలో లేనియర్ కౌంటీలో బయటపడింది. అది చొంగ ద్వారా కూడా పాకుతుంది. పది మూతులు ఒకే కుప్పలో పెట్టించడం కన్నా పది గుంటల్లో చెదిరి మేయనివ్వడం మేలు.

ప్లాటులో పనిచేసొచ్చాక ఒళ్లంతా పిడుదుల కోసం వెతుక్కోండి. వీపు మీద తెల్లచుక్క ఉండే లోన్ స్టార్ పిడుదు కుడితే కొందరికి జింక, మేక, గొర్రె లాంటి జంతువుల మాంసమే పడకుండా పోతుంది. వేట కోసం భూమి కొని మటన్‌కి కూడా దూరమైతే ఎవరికి చెప్పుకుంటాం? ప్యాంటుకీ బూట్లకీ ముందురోజే పిడుదుల్ని చంపే పర్మెత్రిన్ మందు కొట్టి ఆరబెట్టుకోండి.

వేసవిలో ఏం చేయాలి

ఏప్రిల్‌లో క్రిమ్సన్ పూసినప్పుడు కోయకండి. గింజ ముదిరి రాలేదాకా, మే చివరి వరకు ఆగితే వచ్చే శరత్తుకి కొంత తనంతట తనే మొలుస్తుంది. జూన్‌లో ఎత్తుగా ఒకసారి కోస్తే కింద తెల్ల క్లోవర్‌కి ఎండ తగులుతుంది. వేసవి ప్లాట్ అని ఇక్కడ అలసందలు, లాబ్‌లాబ్ వేస్తారు. లాబ్‌లాబ్ అంటే మన అనుములు, చిక్కుడే. మాంసకృత్తులు ఎక్కువ, కొమ్ములు పెరిగే కాలం కాబట్టి మంచి మేత. కానీ పది గుంటల్లో వేస్తే రెండో ఆకు తొడగకముందే గొరిగేస్తాయి. రెండు మూడు ఎకరాలుంటేనే నిలబడుతుంది.

ఇది నాయనకీ చెప్పాను. వినలేదు. కూరకి ఉంటాయని ప్లాట్ అంచున ఊరి నుంచి తెచ్చుకున్న అలవాటుతో ఒక సాలు చిక్కుడు పెట్టి, కర్రలు పాతి, తీగ పాకడానికి తాడు కూడా కట్టాడు. మూడో రాత్రికి తాడు మిగిలింది. నాలుగో రోజు పొద్దున నేను లేచేసరికి ఆయన పలుగు పట్టుకుని ప్లాట్ మధ్యలో ఉన్నాడు. ఇప్పుడు నా వైరు బోనులో కొలబద్ద క్లోవర్ లేదు, చిక్కుడు పాదు ఉంది. క్లోవర్ కోసం ఇంకో 12 అడుగుల మెష్ కొన్నాను.